గున్నమ్మ దేశాలతో ఆడిన బేరం

గున్నమ్మకు ప్రపంచ రాజకీయాల పిచ్చి పట్టుకుంది. కోటబొమ్మాళి సంతలో చేపల తట్ట ముందు కూర్చునే మనిషికి ఇదేం తెగులని తోటి అమ్మకందార్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. ఎవరైనా వచ్చి కానాగంతలు ఎలాగిస్తావని అడిగితే రేటు చెప్పడం మానేసి, "బాబూ, మీ పోనులో ఓపాలి సూడండి, అవతలోలు ఇయ్యాల ఏటన్నారు?" అని ఎదురు అడిగేది. సరిహద్దులో కాల్పులన్న మాట చెవిన పడితే చేప కోస్తున్న చెయ్యి ఆగిపోయేది. రెండు దేశాల మంత్రులు ఎక్కడో పరాయి ఊళ్ళో చేతులు కలిపారంటే ఆ పూట ఎవరెంతకు అడిగినా ఇచ్చేసేది. కొందరు గడుసువాళ్ళు ఇది కనిపెట్టి, ముందొక మంచి కబురు కల్పించి చెప్పి, ఆ తరువాత వంజరం ముక్కకు బేరం పెట్టేవారు. సంగతి తెలిశాక గున్నమ్మ వాళ్ళకు ముందురోజు చేప అంటగట్టింది. అందులో తప్పేం లేదు.

ఆమె పిచ్చికి కారణం మొగుడు జోగయ్య. వాళ్ళది సముద్రం ఒడ్డున ఉన్న గంగమ్మపేట. ఇక్కడ వలకు చేప తగ్గిపోయి, పేటలో మగవాళ్ళు ఏటా వేట నిషేధం ఎత్తేయగానే రైలెక్కి గుజరాత్ పోయి అక్కడి బోట్ల మీద పనిచేస్తారు. కిందటేడు జోగయ్య ఎక్కిన బోటు ఇంజను ఆగిపోయి గాలివాటున కొట్టుకుపోయింది. సముద్రం మీద గీత ఎవరు గీశారో, ఏ సుద్దముక్కతో గీశారో పేటలో ఎవరికీ తెలియదు. గీత దాటారని అవతలి దేశం గస్తీవాళ్ళు వచ్చి బోటుతో సహా పట్టుకుపోయారు. అందులో గున్నమ్మ తమ్ముడు ధర్మేంద్రతో కలిపి పేటవాళ్ళే ఎనిమిదిమంది. ఆ రోజు నుంచి ఆడవాళ్ళు ఆ దేశం పేరు నోటితో పలకడం మానేశారు. సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళకు కీడు చేసేదాని పేరు ఎత్తకూడదని వాళ్ళ పట్టింపు. 'అవతల' అంటే చాలు, అందరికీ తెలిసిపోయేది.

మత్స్యశాఖ ఉద్యోగి రమేష్‌బాబు చెడ్డవాడు కాదు. అడిగిన ప్రతిసారీ విసుక్కోకుండా చెప్పేవాడు. ఒకరోజు ఆఫీసు మెట్ల మీద గున్నమ్మను కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు.

"కేసు తేలితే వదలడం కాదమ్మా ఇది. రెండు దేశాలకూ మంచి అనిపించుకోవాలని ఉన్నప్పుడు వదులుతారు. పండగ ముందో, పెద్దవాళ్ళ చర్చల ముందో కొందరిని బయటకు తెచ్చి, దండలేసి, కొత్తబట్టలిచ్చి ఫొటోలు తీస్తారు. ప్రపంచమంతా చూసి ఎంత మంచి దేశమో అనుకుంటుంది. మనవాళ్ళూ అంతే, వాళ్ళ జాలర్లను అలాగే వదులుతారు. సుహృద్భావం అంటారు దాన్ని."

"అందర్నీ ఓపాలే ఒగ్గీరా బాబూ?"

"అందరినీ ఒక్కసారే వదిలేస్తే మళ్ళీ అవసరానికి ఎవరుంటారు?"

"కొసరన్నమాట," అంది. "నాలుగు మంది సూస్తన్నప్పుడు తట్టలోంచి రెండు నెత్తళ్ళు పైనేసి పంపిస్తాం కదా, అలగ."

రమేష్‌బాబు నవ్వబోయి ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

దేశాలకు మనసుంటుందో లేదో గాని ముఖం మాత్రం ఉంటుంది. దానికి అద్దాలు, పౌడర్లు, పక్కింటివాళ్ళ ముందు ప్రదర్శనలు, అన్నీ ఉంటాయి. పాటలు పంపుకుంటాయి, ఆటగాళ్ళను పంపుకుంటాయి, మామిడిపళ్ళు పంపుకుంటాయి. మరీ ముచ్చటేస్తే మనుషులను పంపుకుంటాయి. ఆ ముఖాలకు ఎప్పుడు ముచ్చటేస్తుందా అని ఈ పేటలో ఎనిమిది ఇళ్ళు కళ్ళు కాయలు కాచేలా చూశాయి.

టెక్కలిలో డిగ్రీ చదువుతున్న కూతురు యమున పొద్దున్నే ఫోనులో వార్తలు చదివి వినిపిస్తే గాని గున్నమ్మ తట్ట ఎత్తేది కాదు. వాళ్ళ పండగ వచ్చింది, పోయింది. మన జెండా పండగ వచ్చింది, పోయింది. రెండు దేశాలకూ క్రికెట్ మ్యాచి జరిగిన రోజు పేటంతా టీవీల ముందు చేరింది. మనవాళ్ళు గెలిచారు, కుర్రాళ్ళు వీధిలో బాణాసంచా కాల్చారు. గున్నమ్మ మాత్రం గడపలో కూలబడి, "ఓపాలి ఓడిపోతే మనోల సొమ్మేటి పోనాది? ఆలకి కడుపు సల్లగుండేది కదా," అంది. యమున గబగబా తలుపు వేసేసింది. ఆ మాట బయట ఎవరైనా విని ఉంటే గున్నమ్మకు ఆ వీధిలో నీళ్ళు పుట్టేవి కావు.

ఎక్కడా కాలు నిలిచేది కాదు ఆమెకు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. ఒడ్డుకు పోయేది, ఎందుకొచ్చానో మరిచిపోయి తిరిగొచ్చేది. కుట్టిన వలనే విప్పి మళ్ళీ కుట్టేది. జోగయ్యకు దగ్గు ఉంది, చలికాలం వస్తే ఎక్కువవుతుంది. అక్కడ ఆ దగ్గు ఎవరు వింటున్నారోనని ఆమె బెంగ.

అలా ఉండగా చలికాలంలో రెండు దేశాలకూ పెద్ద చర్చలని వార్త వచ్చింది. శ్రీకాకుళం నుంచి ఒక చానెల్ విలేకరి, వినోద్ అనే కుర్రాడు, కెమెరా పట్టుకుని పేటకు వచ్చాడు. వచ్చేసరికి ఒడ్డున చేపల వేలంపాట జోరుగా ఉంది.

ఇక్కడ గున్నమ్మ పాట పాడే తీరు చెప్పుకోవాలి. తెప్ప ఒడ్డుకు తగలగానే ఆడవాళ్ళంతా చేప చుట్టూ మూగితే ఆమె దూరంగా నిలబడి ఆవలించేది. తను కొనదలచిన కుప్ప వైపు చూసేదే కాదు. ఎవరైనా పిలిస్తే, "ఏటా సేప? మొప్పలు నల్లగయిపోనాయి. ఉంచుకో, నీ పెళ్ళానికి వండమను," అనేసి నాలుగడుగులు వేసేది. తెప్ప యజమాని వెనక నుంచి పిలిచేవాడు. కావాలని కళ్ళలో కనబడిందా, ధర కొండెక్కుతుంది. ఒడ్డున పుట్టి పెరిగిన ఏ ఆడపిల్లకైనా ఇది అమ్మ పాలతో వచ్చే విద్య. గున్నమ్మకు మరీ ఎక్కువ వచ్చింది.

వినోద్ ఆమెను పడవ పక్కన నిలబెట్టి మైకు ముందుకు చాచాడు. "మీ ఆయనను వదిలిపెట్టమని అవతలి ప్రభుత్వాన్ని వేడుకోండమ్మా. అక్కడివాళ్ళు కూడా చూస్తారు," అన్నాడు.

అక్కడివాళ్ళు చూస్తారు. ఆ మాటే ఆమెకు పట్టుకుంది. అంటే అవతలివాళ్ళు పాటలోకి వచ్చి ఎదురుగా నిలబడ్డట్టే. ఇప్పుడు ఏడిచిందంటే జోగయ్య ధర ఎంతకు పెరుగుతుందో, ఇంకెన్ని పండగల దాకా దాచుకుంటారో. గున్నమ్మ ముఖం తిప్పుకుని ఆవలించింది.

"ఉంచుకోమనండి బాబూ. నాకేటి తొందర? ఇంటికాడున్నా మూలకి తొంగుంటాడు. సగం ముసిలోడైపోనాడు, దగ్గొకటి. ఆలకి అంత ముచ్చటగుంటే ఆలే మేపుకోమనండి. ఏలకింత తిండెడతన్నారంట కదా, మాకదే సాలు."

అనేసి నాలుగడుగులు వేసింది కూడా. వెనక నుంచి ఎవరూ పిలవలేదు.

రెండోరోజుకల్లా ఆ వీడియో దేశాలు దాటింది. అవతలి చానెల్లో చక్కగా తల దువ్వుకున్న ఒకాయన, కింద వాళ్ళ లిపిలో అక్షరాలు వేయించి, తమ చెరలో జాలర్లు ఎంత సుఖంగా ఉన్నారో వాళ్ళ ఇల్లాళ్ళే చెబుతున్నారని చిరునవ్వుతో చూపించాడు. ఇవతల ఊరూపేరూ లేని జనం గున్నమ్మను నానా తిట్లూ తిట్టారు. మొగుణ్ణి వదిలించుకున్న ఆడదని కొందరు, దేశద్రోహి అని కొందరు. అవతలివాళ్ళకు మంచిపేరు కావాలి, ఇవతలివాళ్ళకు పరువు కావాలి. జోగయ్య కావాల్సింది ఒక్క గున్నమ్మకే. ఆ సంగతే వీడియోలో లేదు.

రమేష్‌బాబు మొదటిసారి విసుక్కున్నాడు. "ఏమిటమ్మా ఆ మాటలు? పైనుంచి ఫోన్లు వస్తున్నాయి నాకు. వాళ్ళ మంచితనానికి నువ్వే సాక్ష్యం చెప్పినట్టయింది."

"బేరం బాబూ. బేరమాడినాను."

"దేశాలతో బేరమేమిటి?"

జనం తిట్లేవీ గున్నమ్మను పెద్దగా తాకలేదు, సంతలో అంతకు మించినవి తిన్నది. తాకింది యమున అన్న మాట. పిల్ల ఫోను పక్కన పడేసి, "నాన్నకి సూపించుంటారమ్మా. నాన్న నమ్మీసుంటాడు," అని ఏడిచింది.

అంతే, ఆనాటి నుంచి ఆమెకు వదులుతారా వదలరా అన్న బెంగ మీద ఇంకో బెంగ కూర్చుంది. పరాయి దేశంలో, దగ్గుతూ, పెళ్ళాం తనను వద్దనుకుందని అనుకుంటూ కూర్చున్నాడేమో ఆ మనిషి. వినోద్‌కు ఫోను చేసి మళ్ళీ మాట్లాడతానంది. ఆ వార్త పాతబడిపోయిందమ్మా అన్నాడతను. సంతకు పోవడం మానేసింది. పోతే కూర్చోలేదు, ఇంట్లో ఉంటే నిలబడలేదు. తనను తానే తిట్టుకుంది. చేపకు చెవులుండవు, మొగుడికి ఉంటాయి, ఆపాటి ఆలోచన లేకపోయిందే అని గోడతో చెప్పుకుంది.

చర్చలకు ముందు అనుకున్నట్టే కబురొచ్చింది. సుహృద్భావంతో కొందరు జాలర్లను వదిలారు, పేటవాళ్ళు ఐదుగురు. ఎవరెవరో ఎంత అడిగినా తెలియలేదు. ఢిల్లీ మీదుగా రైల్లో వస్తున్నారని, ఆమదాలవలస స్టేషనులో దిగుతారని చెప్పారు. ఆ పొద్దున గున్నమ్మ, యమున అందరికన్నా ముందే ప్లాట్‌ఫాం మీద ఉన్నారు. అవతలివాళ్ళ ఫొటోలు అయిపోయాయి, ఇక ఇవతలివాళ్ళ వంతు. దండలు వచ్చాయి, బ్యానరు వచ్చింది, బ్యానరు మీద జాలర్ల ముఖాలకన్నా పెద్ద ముఖాలు చాలా వచ్చాయి. రైలు ఆగింది.

ఒకడు దిగాడు. రెండోవాడు దిగాడు. అందరికీ ఒకే రంగు కొత్త చొక్కాలు, అవతలివాళ్ళు ఇచ్చినవి. ఐదోవాడు గున్నమ్మ తమ్ముడు ధర్మేంద్ర. అతని వెనక తలుపులో ఎవరూ లేరు. గున్నమ్మ పెట్టెలోకి ఎక్కి చూడబోతే రైల్వే పోలీసు ఆపాడు.

ధర్మేంద్ర దండతోనే పరిగెత్తుకొచ్చి ఆమె చేతులు పట్టుకున్నాడు. "బావ బాగున్నాడప్పా. దగ్గు తగ్గింది."

"వీడియో సూపించారేట్రా?"

"సూపించారు. మాకందరికీ. మేం తల దించీసుకున్నాం, బావ ముకం సూడ్డానికి దడుసుకున్నాం. బావ నవ్వినాడప్పా. కడుపు పట్టుకు నవ్వినాడు. 'ఒరే, మీ అప్ప నన్ను కొంతన్నాదిరా. అదలగ ఆవలించిందంటే నానంటే పేనమని,' అన్నాడు."

గున్నమ్మకు ఇన్నాళ్ళకు ఊపిరి ఆడింది. ఏడుపు, నవ్వు కలిసి వచ్చేశాయి. రెండు దేశాల్లో ఒక్కరికీ అర్థం కాని మాట ఆ మనిషికి అర్థమైంది, అంతకన్నా ఏం కావాలి. తమ్ముడి ముఖం మాత్రం తేరుకోలేదు. తల దించుకుని ఉన్నాడు.

"మరేల ఉంచీసినార్రా?"

ధర్మేంద్ర మెడలో దండ తీసేశాడు. "పంపీవోల్లని ఎంచినప్పుడు కెమెరా ఎట్టారప్పా. ఏడిసినోల్లని ముందరికి రమ్మన్నారు. బావ అప్పటికీ నిన్ను తలుసుకు నవ్వుకుంతన్నాడు. ఎనక్కెల్లి నిలబడమన్నారు."

యమున తల్లి భుజం పట్టుకుంది. చుట్టూ నాలుగు ఇళ్ళవాళ్ళు తమ మనుషులను పట్టుకుని ఏడుస్తున్నారు, ఆ ఏడుపుల మధ్య కెమెరాలు తిరుగుతున్నాయి. వినోద్ ఆమెను గుర్తుపట్టి దగ్గరకు వచ్చాడు. ఏదో అడగబోయాడు.

అతను అడిగేలోపే గున్నమ్మ మైకును రెండు చేతులా పట్టుకుంది.

"మా మావ నాకు కావాల. బేరం నేదు. మీరేటంటే అదే. మంచోల్లనమంటే మంచోల్లంతాను, దండమెట్టమంటే ఎడతాను, ఏడమంటే ఏడుస్తాను. ముసిలోడు కాడు, దగ్గుంటే నాకుంది. నాకు కావాల, ఇచ్చీండి."

వెనక రైలు కూత వేసింది. వినోద్ చెవిలోని తీగ సర్దుకుని, కూతలో మాట సరిగ్గా రాలేదమ్మా, మరొక్కసారి చెప్పండి అన్నాడు. రైలు పూర్తిగా కదిలిపోయే దాకా గున్నమ్మ మైకు వదలకుండా నిలబడింది. తరువాత మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.