ఖాళీగా వదిలిన గడి

కాలేజీ కుర్రాళ్లు అన్నదమ్ముల్లా కలిసుండే ఫ్రెటర్నిటీ ఇళ్లకి తిరిగి, మంచిచెడ్డలు చూసి, సలహాలు చెప్పి, పై ఆఫీసుకి రిపోర్టు రాయడం డెస్మండ్ ఉద్యోగం. మూడు రోజులకో ఊరు, ఎవరిదో సోఫా. అతను గదిలోకొస్తే నవ్వులు ఆగిపోతాయి. అందుకే గుమ్మం ముందే దగ్గడం అలవాటైంది.

కాన్సస్‌లో కుర్రాళ్లు ఇల్లు అద్దంలా తుడిచి, మెడకి టైలు కట్టుకుని కూర్చున్నారు. "ఇంకో కాఫీ తాగుతావా బ్రదర్?" అన్నాడు వాళ్ల అధ్యక్షుడు టకర్, నాలుగోసారి. రిపోర్టులో 'సోదరభావం' గడిని డెస్మండ్ ఖాళీగా వదిలేశాడు.

వీడ్కోలు చెప్పి కారెక్కాక, ఫోన్ ఛార్జర్ మరిచిపోయానని వెనక్కొచ్చాడు. లోపల ఇల్లు దద్దరిల్లేలా నవ్వులు. "పోయాడ్రా బాబూ! టైలు పీకెయ్యండి, పాట పెట్టండి!" టకర్ గొంతే.

దగ్గు గొంతుదాకా వచ్చింది. మింగేశాడు. ఛార్జర్ వదిలేసి, కార్లో కూర్చుని ఆ గడి నింపాడు: "చాలా బాగుంది."