స్టీరింగు మీద ఐదు ముడులు

అరిగిపోయిన వస్తువును బాగుచెయ్యమని చేతికిస్తే, దాని అరుగుదలలో ఎంత తీసెయ్యాలి, ఎంత ఉంచాలి? ఈ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ దొరకలేదు. తోలు మేస్త్రిని అడగవచ్చు. కానీ ఆయన ఒక మాట అడిగితే అరమాట చెప్పే మనిషి. ఆ అరమాటలో సగాన్ని పళ్ళ మధ్య పట్టుకున్న దారం మింగేసేది.

ఆయన పనిగది కార్ల షెడ్డును ఆనుకుని, రెండు బల్లలు పట్టేంత ఉండేది. వీధివైపు కిటికీ, గోడ నిండా మేకులు, మేకులకు స్టీరింగు చక్రాలు. సబ్బునీళ్ళూ మైనమూ రంగూ కలిసిన వాసన ఒకటి ఆ గదిలో పుట్టి, ఆయన చొక్కా పట్టుకుని ఇంటిదాకా వెళ్ళేది. ఇరవయ్యో ఏట సంచులు కుట్టేచోట పనికి చేరాడు. తర్వాత కారు సీట్లు కుట్టాడు. నలభై దాటాక స్టీరింగులకు వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. తోలు పాడైందంటే మిగతావాళ్ళు పైన తొడుగు తొడిగి చేతులు దులుపుకునేవారు. ఈయన ఉన్న తోలునే బతికించేవాడు. మెత్తటి బ్రష్షుతో ఏళ్ళ జిడ్డు వదిలించి, గరుకు తేలినచోట సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది, పగుళ్ళలో ముద్ద నింపి, అది ఆరాక మళ్ళీ రుద్ది, పల్చగా నాలుగైదు పూతలు రంగు వేసేవాడు. తొందరపెట్టినవాళ్ళకు ఒకటే జవాబు: "మందంగా ఒక్కసారే వేస్తే దాన్ని రంగు అనరు, గోడకు సున్నం అంటారు."

ఆయనకు రెండు అలవాట్లు ఉండేవి. మొదటిది, ఏ చక్రం వచ్చినా పనికి ముందు కళ్ళు మూసుకుని దాని చుట్టూ ఒకసారి చెయ్యి తిప్పడం. "ఈయన ఒంటిచేత్తో నడుపుతాడు", "ఈవిడ ఉంగరం తియ్యదు" అని గొణిగేవాడు. గురి తప్పేది కాదు. రెండోది, ఎక్కడినుంచి వెళ్ళినా చెప్పకుండా వెళ్ళడం. మాటల మధ్యలో తిరిగి చూస్తే కుర్చీ ఖాళీగా ఉండేది. "మా తమ్ముడు వచ్చిన సంగతి చెప్పులు చెప్తాయి, పోయిన సంగతి కుర్చీ చెప్తుంది" అనేది వాళ్ళక్క.

ఆ అక్క మొగుడు టాక్సీ నడిపేవాడు. మేస్త్రికి మాట ఎంత పొదుపో బావకు అంత ధారాళం. బండి ఎక్కినవాళ్ళు దిగేలోపు వాళ్ళ ఇంటి గుట్టంతా ఆయన నోట్లో ఉండేది. అలాంటి మనిషికి ఏడాది క్రితం పక్షవాతం తాకి, తాకినట్టే తప్పుకుంది. బలం తిరిగివచ్చింది. ఎడమ చేతికి స్పర్శ మాత్రం సగమే వచ్చింది. నడపడానికి డాక్టరు సరేనన్నాడు కానీ, అధికారిని పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూపిస్తేనే లైసెన్సు. ఆ పరీక్ష శుక్రవారం.

"ఆ కాగితం రాకపోతే మీ బావ ఇంట్లోనే ఉంటారు. నేనే ఎక్కడికైనా పోవాలి" అంది అక్క నవ్వుతూనే. కానీ ఆమె చేతిలోని సంచి పట్టీ మెలికలు తిరుగుతూ ఉంది. సంవత్సరం నుంచి ఆయన కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో పోయే బళ్ళను లెక్కపెడుతున్నాడని మేస్త్రికి తెలుసు.

అందుకే సోమవారం, నూనె మార్చాలన్న వంకతో, అసలు సంగతి బావకు చెప్పకుండా అక్కచేత కారు షెడ్డుకు తెప్పించాడు. పాత కారు. హారన్ మూత తీసి ఒక నట్టు విప్పితే చక్రం చేతికి వచ్చింది. అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని చెయ్యి తిప్పాడు. ఎడమవైపు, కాస్త పైన, నాలుగు వేళ్ళ వెడల్పున గుంట. పంతొమ్మిదేళ్ళుగా అదే చెయ్యి అక్కడే ఆని తోలును తినేసింది. మేస్త్రికి ముచ్చటేసింది. ముచ్చటపడి ఆ గుంటను నింపేశాడు. మూడు రోజుల్లో చక్రం కొత్తపెళ్ళికొడుకులా తయారైంది. చెయ్యి పెడితే చెయ్యి జారాలి, అదే ఆయన పనికి కొలబద్ద. జారింది.

బుధవారం సాయంత్రం బావ వచ్చి కారులో కూర్చున్నాడు. చక్రం పట్టుకుని ఎడమ చెయ్యి అంచు మీద పైకీ కిందికీ జరిపాడు.

"ఎవరిదిరా ఈ స్టీరింగు?"

"నీదే, బావా."

"నాది కాదు. నాదానికి గుంట ఉండేది."

"నింపాను."

"ఎందుకు నింపావు?"

బావ ఎడమ చెయ్యి ఎత్తి, ఎవరో మరిచిపోయిన చేతిరుమాలును చూసినట్టు చూసుకున్నాడు. "దీనికి సగమే తెలుస్తుందిరా. ఎక్కడుందో ఆ గుంట చెప్పేది. ఇప్పుడు మలుపు తిప్పిన ప్రతిసారీ వంగి చూసుకోవాలి. నా చూపు రోడ్డు మీదనుంచి దిగిందా, అధికారి కాగితం మీద గీత దిగుతుంది."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడిగావా? ఊళ్ళోవాళ్ళందరి చక్రాలకూ జాతకం చెప్తావు, బావ చక్రం మాత్రం కళ్ళు మూసుకుని చదివి, కళ్ళు మూసుకునే చెరిపేశావు." అంతలోనే మేస్త్రి మొహం చూసి తగ్గాడు. "పోనీలేరా. అందం బాగుంది. కిటికీ దగ్గర పెట్టుకుని తిప్పుకుంటాను."

మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. నింపిన ముద్దను మళ్ళీ తవ్వితే కింద తోలు చిరుగుతుంది. పంతొమ్మిదేళ్ళ అరుగుదలను ఒక్క రోజులో చెయ్యడానికి ఏ ఉప్పుకాగితమూ లేదు. గురువారం ఉదయం మేస్త్రి మళ్ళీ ఊడదీసిన చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

అక్క టీ తెచ్చింది. ఫ్లాస్కుతో పాటు ఇంటినుంచి తెచ్చిన గాజు గ్లాసుకు రెండు రబ్బరు బ్యాండ్లు చుట్టి ఉన్నాయి.

"ఇవేమిటక్కా?"

"మీ బావ గ్లాసురా. పొరపాటున ఇదే పట్టుకొచ్చాను. ఎడమ చేత్తో పట్టుకుని రెండు బద్దలు కొట్టారు. బ్యాండ్లు చుట్టాక వేళ్ళకు ఆనుతోందట. ఇప్పుడు టీవీ చూస్తూనే తాగుతున్నారు."

మేస్త్రి ఆ బ్యాండ్ల మీద బొటనవేలు అటూ ఇటూ తిప్పాడు. టీ చల్లారింది.

"తాగవేంరా?"

"దారం," అన్నాడు మేస్త్రి. అక్కకు అర్థం కాలేదు, ఆయన చెప్పలేదు.

చక్రానికి లోపలి అంచున కుట్టు ఉంటుంది. పట్టుకుంటే బొటనవేలు ఆనేది దాని మీదే. ఎడమవైపు నాలుగు వేళ్ళమేర ఆ కుట్టు విప్పాడు. లావుపాటి దారానికి మైనం పట్టించి, రెండు సూదులతో మళ్ళీ కుడుతూ, వేలు వేలు ఎడంలో ఒక్కో ముడి పైకి తేల్చాడు. మొత్తం ఐదు. జీవితమంతా ఆయన ముడిని లోపలికి తోసి దాచాడు. పైన ముడి కనిపిస్తే పని రానివాడి పని అని పాత మేస్త్రులు నేర్పితే నేర్చుకున్నవాడు. మొదటి ముడి తేల్చినప్పుడు చెయ్యి దానంతటదే దాన్ని లోపలికి నొక్కబోయింది. ఆపుకున్నాడు. మూడోదాన్ని మిగతావాటికంటే కాస్త పెద్దది చేశాడు.

మధ్యాహ్నం బావను పిలిచి, చక్రం బిగించి, "కళ్ళు మూసుకో" అన్నాడు.

బావ ఎడమ చెయ్యి ఎక్కడో కింద దిగింది. తడుముకుంటూ పైకి వచ్చింది. "ఒకటి. రెండు. ఇదిగో, ఇది లావుగా ఉంది." ఆగాడు. "ఇక్కడేగా ఉండేది గుంట."

"అక్కడే."

బావ కళ్ళు తెరిచి కుట్టు చూశాడు. "ఇదేం కుట్టురా, ఎలుక కొరికినట్టుంది."

"చేతికి నచ్చిందా?"

"చేతికి నచ్చింది. కళ్ళకే నచ్చలేదు."

"కళ్ళు రోడ్డు మీద పెట్టు."

బావ ముందు తెల్లబోయి, తర్వాత పగలబడి నవ్వాడు. నలభై ఏళ్ళలో మేస్త్రి నోటినుంచి మాటకు మాట పడటం అదే మొదటిసారి. చీకటిపడేదాకా షెడ్డు వెనక ఖాళీజాగాలో ఎనిమిది అంకె గీసినట్టు బండి తిప్పుతూనే ఉన్నాడు.

శుక్రవారం పరీక్ష మైదానంలో అక్క బల్ల మీద కూర్చుంది. మేస్త్రి గేటు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బండి సున్నపు గీతల మధ్య వెళ్ళింది, దిమ్మెల మధ్య వంకరలు తిరిగింది, వెనక్కి నడిచి గీసిన గడిలో కూర్చుంది. అక్క బండిని చూస్తూ ఉంది. మేస్త్రి బావ ఎడమ చేతినొక్కదాన్నే చూస్తున్నాడు.

ఆఖరి మలుపు ఆయనకు ఎదురుగా వచ్చింది. చక్రం గిర్రున తిరిగి తిన్ననయ్యేటప్పుడు ఎడమ చెయ్యి పట్టు తప్పి జారింది. బొటనవేలు అంచు మీద తడిమింది. ఒకటి, రెండు అని మేస్త్రి పెదవులు కదిలాయి. చెయ్యి మూడో ముడి దగ్గర ఆగి కుదురుకుంది. బావ చూపు రోడ్డు మీదనుంచి దిగలేదు.

బండి ఆగింది. అధికారి ఒళ్ళో కాగితం పెట్టుకుని సంతకం చేసి అందించడం అద్దంలోంచి కనబడింది. బావ నోరు అప్పుడే విప్పాడు. అధికారి దిగబోతూ తలుపు దగ్గర ఆ మాటల్లో చిక్కుకుపోయాడు.

అక్క లేచింది. "అయిందిరా తమ్ముడూ, ఇచ్చేశారు" అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుని గోడవైపు తిరిగింది. గోడ ఒక్కటే ఉంది.

అప్పటికి మేస్త్రి వీధిలో సగం దూరం నడిచాడు. గదిలో ఒక చక్రానికి రెండో పూత ఆరిపోయి ఉంటుంది, మూడోది వెయ్యాలి. ఇకమీద కొత్త చక్రం వస్తే, పనికి ముందు దాని యజమానిని అడగాల్సింది ఒకటుంది. వెనక మైదానంలోంచి హారన్ రెండుసార్లు మోగింది. ఆ హారన్ మూత తను బిగించిందే, బాగానే పలుకుతోంది. మేస్త్రి వెనక్కి చూడకుండా మలుపు తిరిగాడు.