ల్యాబ్ రికార్డులో సున్నా

2005లో తాడేపల్లిగూడెం దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎం.టెక్. చేరినప్పుడు నన్ను టీచింగ్ అసిస్టెంట్‌గా వేశారు. వినడానికి బాగానే ఉంటుంది కాని, హోదాలో అది లెక్చరర్‌కి కింద, ల్యాబ్ ప్రోగ్రామర్‌కి పక్కన ఎక్కడో ఉంటుంది. స్టైపెండు తీసుకుంటున్నందుకు వారానికి ఎనిమిది గంటలు బి.టెక్. మొదటి సంవత్సరం వాళ్ళ సి లాంగ్వేజీ ల్యాబ్ చూడాలి. పాఠం చెప్పేది లెక్చరర్ గారు. ప్రోగ్రాములు కంప్యూటర్‌లో టైపు కొట్టించడం, తప్పులు దిద్దడం, రికార్డుల మీద సంతకాలు పెట్టడం మా వంతు. బి.టెక్. కూడా అక్కడే చదివాను కాబట్టి, ఏలూరు నుంచి అదే ప్యాసింజర్ రైల్లో వెళ్ళి వచ్చేదాన్ని. మారింది నేను కూర్చునే కుర్చీ ఒక్కటే.

రికార్డంటే ఏమిటో ఈ చదువు తెలియనివారికి చెప్పాలి. ల్యాబ్‌లో చేసిన ప్రతి ప్రోగ్రామునూ ఒక లావుపాటి పుస్తకంలో ఎత్తి రాయాలి. కుడివైపు గీతల పేజీలో ప్రోగ్రాము, సిరాతో. ఎడమవైపు తెల్ల పేజీలో దాని అవుట్‌పుట్, అంటే కంప్యూటర్ ఇచ్చిన జవాబు, పెన్సిల్‌తో. ప్రతి పేజీకీ మా సంతకం ఉండాలి. ఒక్క సంతకం తక్కువైనా ప్రాక్టికల్ పరీక్షకి కూర్చోనివ్వరు. ప్రాక్టికల్ పోతే మళ్ళీ ఏడాది ఆగాలి.

దేన్ని చూసి దిద్దాలన్న సందేహం మాకు రాకుండా ల్యాబ్ బీరువాలో ఒక మోడల్ రికార్డు ఉండేది. అది నాదే. బి.టెక్.లో నేను రాసింది. చేతిరాత ముత్యాల్లా ఉందని హెచ్.ఓ.డి. గారు అట్టే పెట్టుకున్నారు. దాని జిరాక్సులు బస్టాండు ఎదురు షాపులో దొరికేవి. అందుకు నేను సిగ్గుపడవలసింది పోయి, కాస్త గర్వపడేదాన్ని.

నా బోధనా పద్ధతి తేలికైనది. మోడల్ రికార్డు చేత్తో పట్టుకుని వరసల మధ్య నడవడం, సరిపోతే సంతకం, సరిపోకపోతే నాలుగు మాటలు. అరవై మందిని రెండు గంటల్లో చూడాలంటే వేరే దారి లేదని వాదించేదాన్ని. పది నిమిషాల వివరణ చేయలేని పని ఒక్క పదునైన మాట చేస్తుందని కూడా వాదించేదాన్ని.

ఆ ఏడాది చివర, ప్రాక్టికల్స్ ఇంకో వారం ఉన్నాయనగా, సోమవారం నాడు నాగమణి అనే అమ్మాయి రికార్డు నా చేతికి వచ్చింది. కొల్లేరు లంక గ్రామాల్లో ఒకదాన్నించి వచ్చి హాస్టల్లో ఉండేది. తండ్రి చేపలు ప్యాకింగ్ చేసే షెడ్డులో పనిచేసేవాడు. ప్రోగ్రాము ఫారన్‌హీట్‌ని సెల్సియస్‌లోకి మార్చేది. 98.6 ఇస్తే 37.00 రావాలి. మిగతా యాభై తొమ్మిది మందీ 37.00 అనే రాశారు. ఈ అమ్మాయి 0.00 అని రాసింది.

"ఇదేంటమ్మా?"

"అవుట్‌పుట్టండీ. నాలుగుసార్లు కొట్టానండీ, నాలుగుసార్లూ సున్నాయే వచ్చింది. ఎందుకొచ్చిందో మిమ్మల్ని అడుగుదామనుకుంటున్నానండీ."

"తొంభై ఎనిమిది పాయింట్ ఆరంటే మనిషి ఒంటి వేడి. సున్నా అంటే ఐసు. నీ లెక్కన మేమంతా మీ నాన్నగారి షెడ్డులో చేపల్లాగా ఐసుపెట్టెల్లో పడుకుని ఉన్నామన్నమాట!"

ల్యాబంతా నవ్వింది. ముప్పై ఏడు చేసి తీసుకొస్తే సంతకం పెడతానన్నాను.

మంగళవారం అదే పేజీ, అదే సున్నా. బుధవారం కూడా అంతే. దిద్దలేదేమని అడిగితే, "రానిది వచ్చిందని ఎలా రాయనండీ?" అంది. గొంతు పెంచలేదు, తల కూడా దించలేదు. వాదించడం నాకిష్టమే, ఎదుటివాళ్ళు వాదిస్తేనే నచ్చేది కాదు. సంతకాలు పూర్తికాని వాళ్ళ జాబితా గురువారం సాయంత్రానికి హెచ్.ఓ.డి. గారి గదికి చేరాలి. అందులో ఒకటే పేరు రాశాను.

గురువారం మధ్యాహ్నం జాబితా పట్టుకుని బయల్దేరుతుంటే ల్యాబ్ ప్రోగ్రామర్ జానీ గారు అడ్డం వచ్చారు. ఏలూరు మనిషి, యంత్రాల బాగోగులన్నీ ఆయనే చూసేవారు. "మేడమ్ గారండీ, ఆ పిల్ల మూడ్రోజుల నుంచీ అదే కొడతందండీ. మీరోసారి కొట్టి చూస్తే గొడవ తేలిపోద్ది కదండీ," అన్నారు. నాగమణి అక్కడే, గోడ పక్క సిస్టమ్ ముందు ఉంది.

చూపించి నోరు మూయిద్దామనే కూర్చున్నాను. నా రికార్డు ముందు పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా కొట్టాను. 98.6 ఇచ్చాను. 0.00 వచ్చింది. సిస్టమ్ పాడైందన్నాను. నిన్ననే సర్వీసు చేశానన్నారు జానీ గారు. పక్కదానికి మారాను. సున్నా. మూడోదాంట్లోనూ సున్నాయే.

"అయితే ఇప్పుడు మన ముగ్గురం ఐసులోనే ఉన్నామాండీ?" అన్నారాయన.

తప్పు కంప్యూటర్‌ది కాదు. నా సూత్రంలో 5/9 అని ఉంది. సి లాంగ్వేజీలో దశాంశం లేని అంకెని అలాంటి మరో అంకెతో భాగిస్తే భిన్నం పోయి పూర్ణాంకమే మిగులుతుంది. అయిదుని తొమ్మిదితో భాగిస్తే వచ్చేది సున్నా. దానితో ఏది గుణించినా సున్నాయే. 5 బదులు 5.0 అని రాస్తే 37.00 వస్తుంది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు, పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నదే. చేయనిదల్లా ఆ ప్రోగ్రామును ఒక్కసారైనా నడిపి చూడటం. నా విద్యార్థి రోజుల్లో ఒక సిస్టమ్‌కి ముగ్గురం. ఆ వేళ నా వంతు వచ్చేసరికి కరెంటు పోయింది. మర్నాడు పొద్దున రైలు కోసం ఏలూరు స్టేషన్ వెయిటింగ్ హాల్లో కూర్చుని, కాలిక్యులేటర్ మీద చేసి, 37.00 అని పెన్సిల్‌తో అందంగా రాసుకున్నాను. ఆ యాభై తొమ్మిది మందీ రాసింది నా కాలిక్యులేటర్ జవాబు. వాటన్నిటి కిందా నా సంతకమే ఉంది.

జాబితాలో పేరు కొట్టేసి, నాగమణి పేజీ మీద సంతకం పెట్టి, హెచ్.ఓ.డి. గారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన శాంతంగా విన్నారు. ఆ అమ్మాయి పని అయింది కదా, మిగతావి కదపవద్దన్నారు. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ సంతకాలే చూస్తారు కాని అవుట్‌పుట్లు చూడరన్నారు. అది నిజమే. అరగంట వాదించాను. చివరికి, నా సంతకం నేను కొట్టేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదన్నాను. "అయితే సోమవారం లోపల అన్నీ పూర్తి కావాలమ్మా. ఒక్క రికార్డు తక్కువైనా జవాబుదారీ మీదే," అన్నారు.

శుక్ర, శనివారాల్లో యాభై తొమ్మిది పేజీల మీద సంతకం కొట్టేసి, ఒక్కొక్కరి చేతా నా ఎదుట ప్రోగ్రాము నడిపించాను. వచ్చిన సున్నా, దిద్దాక వచ్చిన ముప్పై ఏడు, రెండిటి మధ్యా కారణం ఒక్క వాక్యంలో రాయమన్నాను. నన్ను తిట్టుకున్నారు, కొన్ని తిట్లు వినపడ్డాయి కూడా. పని మొదలుపెట్టే ముందు అందరి ఎదుటా, నాగమణి రాసింది ఒప్పు, నేను అన్నది తప్పు, ఐసు మాట అనకుండా ఉండవలసింది అని చెప్పాను.

"ఐసు మాటకేం లెండి మేడమ్. ఐసు లేకపోతే మా చేప హౌరా మార్కెట్టు దాకా వెళ్ళదండీ," అంది నాగమణి. "కానీ ఎందుకొచ్చిందని సోమవారమే అడిగానండీ. అది మీరు చెప్పలేదండీ."

అరవై మందీ ప్రాక్టికల్‌కి కూర్చున్నారు. నాగమణి పాసయింది.

మోడల్ రికార్డు ఇంటికి తెచ్చేశాను. అయినా పక్క సెక్షన్లో జిరాక్సులు మరో రెండేళ్ళు నడిచాయి. చెప్పాను; ఎవరూ మార్చలేదు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు లెక్చరర్‌గా చేసి, గడువుకి ముందే ఉద్యోగం విరమించాను. ఆ పద్దెనిమిదేళ్ళూ నా ల్యాబ్ బీరువాలో మోడల్ రికార్డు లేదు. ఏం రావాలనుకున్నారో ముందు రాయించేదాన్ని, ఏం వచ్చిందో తర్వాత. రెండూ కలవకపోతే ఆ పేజీనే మొదట చూసేదాన్ని. నోరు మాత్రం తగ్గలేదు. ప్రోగ్రాము నేను కూడా ఒకసారి కొట్టి చూశాకే నోటి వంతు వచ్చేలా చేసుకున్నాను, అంతే.