మదారన్న గుంట మీద పరుపు కుట్టు

ముందే చెప్తుండా, తప్పంతా మా ఇంట్లోంచే పోయింది. చెప్పడానికి సిగ్గే. అయినా చెప్పకుండా ఉండలేను.

మా గోడకి అవతల మదారన్న ఇల్లు. అల్లూరులో ముప్పై అయిదేళ్లు పరుపులు కుట్టినాడు. నా పెళ్లి పరుపు ఆయన కుట్టిందే. ఇన్నేళ్లయినా దూది ఒక పక్కకి జరిగింది లేదు, గుంట పడింది లేదు. ఆ దూది దుమ్మే ఆయన రొమ్ములో చేరింది. ఆరేళ్ల కిందట నెల్లూరు డాక్టరు ఇంక దూది ముట్టుకోవద్దన్నాడు. అంతే, ఆ పూట నుంచి మనిషి మనిషిగా లేడు. పొద్దస్తమానం గోడకేసి చూస్తా కూర్చునేవాడు. నవ్వితే దగ్గొస్తాదని నవ్వడం కూడా మానేసినాడు. ఎవురన్నా నవ్విస్తే ఆయన భార్య రహీమున్నీసా "ఊరుకోండబ్బా, మళ్లీ దగ్గు తెప్పించబాకండి" అని కసురుకునేది.

రెండేళ్ల కిందట ఏం బుద్ధి పుట్టిందో, పెరట్లో గుంట తవ్వినాడు. రోజుకి నాలుగు పారలు, ఆయాసమొస్తే కూర్చోవడం. రెండు మంచాలంత గుంట, తొడలోతు. టార్పాలిన్ పట్ట పరిచి, నీళ్లు నింపి, కలువ దుంపలు నాటినాడు. నెల్లూరు పోయి పదకొండు రంగుచేపల్ని కవర్లో పోయించుకోని, బస్సులో పసిబిడ్డని తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకోని తెచ్చినాడు. అందులో ఒక చేప ఎర్రటి ఒంటి మీద బంగారు మెరుపు. దానికి జరీ అని పేరు పెట్టినాడు. గట్టున కూర్చోని చిటికేస్తే చాలు, కలువాకుల కిందనుంచి తోకాడించుకుంటా వచ్చేసేది. నేనేం కోతలు కోయడంలేదు, నా కళ్లతో చూసినా!

నీళ్లున్న చోటికి ఎవురు రారు చెప్పండి? కప్పలొచ్చినాయి, తూనీగలొచ్చినాయి, పిచ్చుకలు స్నానాలకి దిగినాయి. మదారన్న ముఖంలో కళ వచ్చింది. ఆ తర్వాత ఒక పొద్దు నారాయణ పక్షి వచ్చింది. కొంగలాంటిదే, బూడిద రంగు, నా నడుమెత్తు, ఇంత పొడుగు ముక్కు. నీళ్లలోకి దిగి, రాయిలాగా నిలబడి, టక్కుమని ఒక పోటు. నెల తిరిగేలోపల పదకొండు చేపలు అయిదయినాయి. మదారన్న అన్నం మానేసినాడు. మళ్లీ గోడకేసి చూపు.

రహీమున్నీసాకి ఒళ్లు మండింది. "ఇంకొక్క చేప పోయిందంటే ఈ గుంట పూడ్పించేస్తా. చేపలు పోతే పోనీ, నువ్వు మళ్లీ అట్టా కూర్చోవడం నేను చూళ్లేనయ్యా" అనింది. ఊరికే అనడం కాదు, ట్రాక్టరు ఇసక తెప్పించి వాకిట్లో పోయించింది. మదారన్న ఇంట్లోకి పోయినా ఆ ఇసకని చూడాల్సిందే, బయటికొచ్చినా చూడాల్సిందే. అప్పుడే జరీ కడుపు ఉబ్బి ఉండాది, గుడ్లతో ఉంది. ఆ చేప పోతే ఆయన కూడా పోతాడని నాకు భయం పట్టుకుంది.

ఇక్కడే మేం దూరినాం. మా ఆయన పద్మనాభయ్యకి రొయ్యల గుంటలుండాయి. రొయ్యలకాడ పద్ధతేందంటే, లోపలికి ఏదీ రాకూడదు. పక్షి రాకూడదు, పీత రాకూడదు, కప్ప రాకూడదు. ఏది తెగులు మోసుకొస్తాదో తెలీదు గదా. అందుకని చుట్టూ ప్లాస్టిక్ పట్ట కంచె, పైన సన్నటి వల. మాకు తెలిసింది అదొక్కటే. ఒక్క పూటలో మదారన్న గుంటకి కూడా అట్టాగే చేసేసినాం. నేనైతే నడుం మీద చేతులు పెట్టుకోని, "ఇప్పుడు రమ్మను ఆ పక్షిని, చూస్తా!" అని గోడెక్కి మరీ చెప్పినా. ఎంత పొగరో నాకు!

అక్టోబరులో తొలి వాన కురిసింది. ఆ పొద్దు కప్పల అరుపు లేదు. పోయి చూద్దును గదా, కప్పలన్నీ పట్ట కంచె బయట వరసగా కూర్చోనుండాయి. ఎగరతాయి, పట్టకి కొట్టుకోని కింద పడతాయి. వల నడిమికి జారి సంచిలాగా వేలాడతా ఉంది. దాని అంచులో నీరుకట్టె పాము చుట్టుకోని గిలగిలలాడతా ఉంది. కప్పల కోసం వచ్చి ఇరుక్కుంది పాపం. ఎంత పెనుగులాడితే అంత బిగుసుకుంటా ఉంది.

నేను కేకపెట్టి కర్ర తీసినా. మదారన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆగు చెంచమ్మా! అది విషప్పాము కాదు. దాన్ని పట్టింది మనం." పరుపుల గుడ్డ కోసే కత్తెర తెచ్చి, ఒక్కో పోగు తెంపినాడు. అది బుసకొట్టినా ఆపలా. ఆఖరి పోగు తెగ్గానే జర్రున అరటిచెట్ల సందులోకి పోయింది. నేను కర్ర అవతల పారేసినా.

ఆయన మాత్రం ఆ తెగిన వలని చేత్తో పట్టుకోని చానాసేపు లాగి చూసినాడు, వదిలి చూసినాడు. ఉన్నట్టుండి లేచి, "రహీమూ, నా దబ్బనం యాడ పెట్టినావు?" అన్నాడు.

ఆరేళ్ల తర్వాత అడిగినాడు ఆ మాట! రహీమున్నీసా పరిగెత్తింది. పెట్టె కింద నుంచి దబ్బనం తెచ్చి ఆయన చేతిలో పెడతా ఉంటే ఆమె కళ్లలో నీళ్లు.

"వదులుగా ఉండేది దేన్నైనా పట్టుకుంటాది, బిగువుగా ఉండేది పక్కకి తోస్తాది. ముప్పై అయిదేళ్లు పరుపులు కుట్టినోణ్ణి, నాకు తట్టలేదు చూడు!" అని తన నెత్తిన తనే మొట్టుకున్నాడు.

వల పీకేసినాడు, పట్ట కంచె పీకేసినాడు. గుంట చుట్టూ ఇనప గొట్టాలు పాతించి, నీళ్లకి మూరెత్తున లావుపాటి తాడు లాగినాడు. అడ్డం నిలువు, బెత్తెడు గళ్లు, గడి గడికీ దబ్బనంతో పరుపుకి వేసినట్టు ముడి. వేలితో మీటితే టంగుమనాల, లేకుంటే విప్పి మళ్లీ కట్టేది. తాళ్ల సందున కప్ప దూరతాది, తూనీగ దూరతాది. కప్పలెక్కి దిగడానికి అంచున రాళ్లు పేర్చినాడు. పిచ్చుకలకి దూరంగా ఒక మట్టి మూకుడు. నీళ్లడుగున తెగిన పైపు ముక్కలు పడేసి, పైన తేలేదానికి గుర్రపుడెక్క మొక్కలు వేసినాడు.

"మరి ఆ పామొస్తే?" అన్నా.

"రానీ. దానికి కప్పలుండాయి, చేపలకి దూరేదానికి పైపు ముక్కలుండాయి. ఎవురి తిప్పలు వాళ్లు పడతారు."

నాలుగో రోజు తెల్లారి రహీమున్నీసా గోడ మీదనుంచి సైగ చేసింది. పోయి చూస్తే గుంటలో నీళ్లు ఎగిరెగిరి పడతా ఉండాయి. జరీ ముందు, మిగతా చేపలు వెనక, గుర్రపుడెక్క వేర్లలో పడి ఒకటే పరుగులు! ఆ చప్పుడుకే వచ్చిందేమో, నారాయణ పక్షి గట్టున దిగింది. మేం ముగ్గురం అరటిచెట్ల వెనక నక్కినాం. మదారన్న చెయ్యి నా చేతిని నలిపేస్తా ఉంది.

పక్షి ఒక కాలు చాపింది. తాడు తగిలింది. కాలు తీసింది. ఇంకో పక్కకి పోయింది, అక్కడా తాడే. తాళ్ల మీదికే ఎక్కి, గడిలోనుంచి టక్కుమని పొడిచింది. నేను కళ్లు మూసుకున్నా. తెరిచేసరికి ముక్కు ఖాళీ! నీళ్లు అందలా! పాదం జారి, రెక్కలు టపటపా కొట్టుకోని, ఎగిరి కాలవ గట్టు వైపు పోయింది. అక్కడ దాని తిండి దానికుంటాది.

"పోయింది! పోయిందన్నా!" అని నేను గంతులేస్తుండా. మదారన్న మాత్రం గట్టున మోకాళ్ల మీద కూర్చోని చిటికేస్తా ఉండాడు. జరీ రాలేదు. మళ్లీ చిటిక. రాలేదు. ఆయన ముఖం పాలిపోయింది. రహీమున్నీసా వాకిట్లో ఇసక వైపు చూసింది, తల దించుకుంది.

అప్పుడు పైపు ముక్కలోంచి ఎర్రటి తల బయటికొచ్చింది. ఒళ్లంతా చూపించింది. కడుపు చదునైపోయింది!

రహీమున్నీసా తాళ్ల సందున చెయ్యి పెట్టి గుర్రపుడెక్క ఒకటి ఎత్తింది. వేర్ల నిండా సగ్గుబియ్యంలో సగమైనా లేని గుడ్లు, ఎండ పడి మెరుస్తా. ఎన్నని చెప్పేది!

"పెద్ద చేపలు గుడ్లు తినేస్తాయని నువ్వే గదయ్యా చెప్పినావు?" అనింది మొగుడితో.

"అవును."

"అయితే ఇంకా కూర్చోనుండావేంది? ఆ ఇసక తెస్తా. పక్కన చిన్న తొట్టి కడదాం లే."

మదారన్న ఆమె వైపు చూసినాడు, వాకిట్లో ఇసక వైపు చూసినాడు. పకపకా నవ్వినాడు. దగ్గొచ్చింది. దగ్గుతానే నవ్వినాడు. నాకు అలవాటై, "ఊరుకోన్నా, దగ్గు" అన్నా.

"నువ్వు గమ్మునుండక్కా" అని నా మీద కసురుకోని, రహీమున్నీసా గంప తీసుకోని వాకిట్లోకి నడిచింది. "నవ్వనీ. దగ్గొస్తే రానీ."