ఖాళీగా ఉంచమన్న పేజీ

శుక్రవారం. మల్లికి నానిన ఉలవలు, గోధుమ పొట్టు పెట్టాను. తొట్టి కడిగాను. రెండు బకెట్ల బట్టలు ఆరేశాను. బియ్యం ఏరాను. పిండిమర పని మిగిలింది. రోజూ రాసుకునే నోటుబుక్కులో ఇంతవరకు రాశానో లేదో, పెద్దపల్లి నుంచి గుర్రాల చాచా భార్య, మా చాచి, ఫోను చేసింది. రాత్రి పడుకున్న చాచా తెల్లవారి నమాజుకు ఇక లేవలేదని మెల్లగా చెప్పి పెట్టేసింది. ఆ రోజు పిండిమరకు వెళ్లలేదు.

మీలో కొందరు ఆయనను చూసే ఉంటారు. గళ్ల లుంగీ, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక తెల్లదారం ఉండ. ఒకప్పుడు స్టేషన్ ముందు టాంగా తోలేవాడు. ఆటోలు వచ్చి టాంగాలు పోయాక, మాట వినని గుర్రాలను దారిలో పెట్టడమే ఆయన పని అయింది. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను కిరాయికిచ్చేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఆయనను పిలిచేవాళ్లు. ఆయనది ఒకటే షరతు: గుర్రంతో పాటు యజమాని కూడా నేర్చుకోవాలి. "గుర్రానికి నెల సాలు. మనిషికే టైం పడ్తది," అనేవాడు.

మోకాళ్లు పాడై మా ఆయన గని డ్యూటీ మానేశాక ఒక తెల్ల ఆడగుర్రాన్ని కొన్నాడు. అదే మల్లి. గోదావరిఖనిలో మా ఇల్లు ఓపెన్ కాస్టు గనికి దగ్గర. మధ్యాహ్నం పూట సైరన్ మోగుతుంది, కాసేపటికి బ్లాస్టింగుతో నేల అదురుతుంది, అల్మారాలో గిన్నెలు గలగలమంటాయి. మాకు అది అలవాటే. మల్లి మాత్రం సైరన్ వినగానే ముందుకాళ్లెత్తి లేచేది. అట్లాంటి గుర్రాన్ని పెళ్లికొడుకు కింద ఎట్లా నిలబెడతాం? అందుకని చాచాను పిలిచాం.

మొదటిరోజే ఆయన ముందు నా నోటుబుక్కు తెరిచాను. మల్లి ఏ రోజు కొరికిందో, ఏ రోజు బకెట్ తన్నిందో వరసగా చదివాను. చాచాకు చదువు రాదు. కళ్లు మూసుకుని అంతా విన్నాడు.

"అన్ని గుర్రానియే ఉన్నయి. నీయి ఏడున్నయి బేటీ?"

"నేనేం చేసిన చాచా? టైముకు దాణా పెడుతున్న, టైముకు నీళ్లు పెడుతున్న."

"ఎడమ దిక్కు దానియి రాయి. కుడి దిక్కు నీయి రాయి. అప్పుడు సూద్దాం."

తర్వాత తాడు ఒక కొస తన మెడకు తగిలించుకుని, రెండో కొస నా చేతికిచ్చాడు. "ఇగో, నేనే గుర్రం. నడిపియ్యి." నేను గుంజాను. ఆయన కాళ్లు నేలకు తన్నిపెట్టి నిలబడ్డాడు. ఇంకా గుంజాను. కదలలేదు. మంచం మీద కూర్చున్న మా ఆయన నవ్వాపుకోలేక, "చాచా, నీ నోటికి కళ్లెం గూడ పెట్టాల్నా?" అన్నాడు. "నీకే పెట్టాలె. పొద్దటి సంది ఆ గుట్కా నములుడు గుర్రం గూడ నమలది," అన్నాడు చాచా. మా ఆయన నవ్వు ఆగిపోయింది.

మర్నాటి నుంచి దారం. మల్లి ముఖానికి కట్టిన పట్టీకి, నా చేతిలోని తాడుకు మధ్య మూరెడు కుట్టుదారం ముడివేసేవాడు. ఆ దారం తెగకుండా గుర్రాన్ని వాకిలంతా తిప్పాలి. "తెగితే తప్పు నీది," అనేవాడు. దారం కట్టిన మొదటిరోజు పందొమ్మిది సార్లు తెగింది. పందొమ్మిదీ కుడి పేజీలో రాశాను.

అసలు సంగతి వారానికి బయటపడింది. సైరన్ మోగగానే, మల్లి లేస్తుందని తెలుసు కనుక, నేను ముందే తాడు బిగించి పట్టుకునేదాన్ని. "అది సైరన్‌కు బెదురుతలేదు," అన్నాడు చాచా నా పిడికిలి మీద వేలుపెట్టి. "దీనికి బెదురుతాంది. నువ్వు బిగవడితె, ఇగ ఏందో అయితదని దాని లెక్క." ఇల్లంతా సైరన్‌ను బట్టి నడుపుకునే నాకు, గుర్రానికి భయం నేర్పింది నేనేనని అప్పుడు తెలిసింది. రెండు నెలలు పట్టింది. ఒక మధ్యాహ్నం సైరన్ మోగింది, గిన్నెలు మోగాయి, దారం తెగలేదు.

ఇక్కడిదాకా రాయడం సులువుగానే ఉంది.

రెండేళ్ల కిందట ఒక పొద్దుటి పెళ్లి. మా ఆయనకు జ్వరం. ఎడమ తాడు నేను పట్టాను, కుడి తాడు చాచా పట్టాడు. బ్యాండు మోగినంతసేపూ మల్లి బుద్ధిగా నడిచింది. మండపం దగ్గర ఎవరో పటాకుల సరం పరిచి అగ్గిపుల్ల తీశారు. అది చూశాను. నా పిడికిలి బిగిసింది. పటాకు పేలకముందే మల్లి లేచింది. పెళ్లికొడుకు బురదలో పడ్డాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది.

అతని మేనమామ మీదికొచ్చాడు. "ఎవడు తెచ్చిండు ఈ గుర్రాన్ని? ఇంకో పెండ్లిల కనవడ్తె సూడుండ్రి!"

"గుర్రం మంచిదే సారు," అన్నాడు చాచా. "నేనే గుంజిన. ముసలి చెయ్యి, వణికింది."

నా అరచేతిలో తాడు ఒరుసుకుని ఎర్రగా చారపడింది. కొంగు కింద దాచుకున్నాను. ఒక్క మాట అనలేదు. మల్లిని ఎవరూ పిలవకపోతే మా ఇల్లు ఎట్లా గడుస్తుందని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను.

తర్వాతి వారం ఆయన వచ్చాడు. చదవమన్నాడు. "పెళ్లికొడుకును పడేసింది," అని ఎడమ పేజీ చదివాను.

"కుడి దిక్కు?"

"ఏం లేదు చాచా."

కాసేపు మల్లి మెడ నిమిరాడు. "మంచిది. ఆ జాగ ఖాళీగనే ఉంచు," అన్నాడు.

మల్లికి పెళ్లిళ్లు తగ్గలేదు. చాచాను మాత్రం పిలిచేవాళ్లు లేకపోయారు. చేతులు వణికే ముసలాయన అని ఆ పెళ్లి బ్యాండు మేస్త్రి ఊరంతా చెప్పాడు. ఒకసారి చౌరస్తాలో చాయ్ బండి దగ్గర కనిపిస్తే, తెలిసి కూడా అడిగాను, ఎవరైనా పిలుస్తున్నారా అని. "గుర్రాలన్ని బుద్ధిమంతులైనయి బేటీ," అని నవ్వాడు. చాయ్ గ్లాసు పట్టుకున్న ఆయన చెయ్యి కొంచెం కూడా వణకలేదు. అది చూసి కూడా నేను ఇంటికి వచ్చేశాను.

చాచా పోయిన మూడో రోజు, ఆయన కోసం దువా చేసే జియారత్‌కు పెద్దపల్లి వెళ్లాను. షామియానా కింద బ్యాండు మేస్త్రి, నలుగురైదుగురు గుర్రాలవాళ్లు కూర్చున్నారు. వాళ్ల ముందు నిలబడి చెప్పాను.

"ఆనాడు తాడు గుంజింది నేను. చాచా కాదు."

మేస్త్రి నా వైపు తిరిగాడు. "రెండేండ్లాయె గదక్కా. ఇప్పుడు చెప్తున్నవా?"

"ఆ. ఇప్పుడు చెప్తున్న."

ఒకాయన లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. నేను లోపలికి వెళ్లి చాచి దగ్గర కూర్చున్నాను. ఆమెకూ అదే మాట చెప్పాను.

"నాకెరుకే," అంది. "ఆ దినమే చెప్పిండు. పొల్ల బెదిరింది, గుంజితె ఇంకింత బెదురుతది, తనంతల తనే అస్తది తియ్యి అన్నడు." కళ్లు తుడుచుకుంది. "నీకు బుక్కు రాసుడు అలవాటట గద. రాస్కో, బాకీ చెల్లిందని."

ఇంటికి వచ్చి, మల్లికి నీళ్లు పెట్టి, మూరెడు కుట్టుదారం తీసి ముడివేశాను. సైరన్ మోగింది. మల్లి కదలలేదు. చెవులు కూడా తిప్పలేదు. దారం తెగింది. తెగిన కొస దాని గడ్డం కింద గాలికి ఊగుతుంటే, బిగిసిన నా పిడికిలి నేనే విప్పుకున్నాను.

ఆ పెళ్లినాటి ఖాళీ కుడి పేజీలో రాశాను: తాడు గుంజింది నేను. చాచాకు ఒక మాట బాకీ. చాచి చెప్పినట్టు, చెల్లింది.