అలమారలో రెండో చెంబు

మా నాన్న అస్థికలు ఐదు నెలలు మా ఇంట్లోనే ఉన్నాయి. ఈ మాట బంధువుల దగ్గర ఇప్పటికీ పైకి అనను. అప్పట్లో ఎవరైనా అడిగితే అమ్మ, "ఇంకా కలపలేదండీ, వీలు కుదరలేదు" అని ఊరుకునేది. ఎక్కడ ఉంచామన్నది మాత్రం చెప్పేది కాదు.

నాన్న కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళు ఢిల్లీ ఆర్కే పురం క్వార్టర్లలో గడిపి, చివరికి నోయిడాలో నాలుగో అంతస్తులో ఫ్లాటు కొనుక్కున్నారు. నేను ఒక్కదాన్నే సంతానం. నోయిడాలోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పెళ్ళి చేసుకోలేదు, అమ్మానాన్నలతోనే ఉండేదాన్ని. ఒక నవంబరు ఆఖరులో, పొద్దున్నే పాల ప్యాకెట్లు తేవడానికి కిందికి దిగిన నాన్న మెట్ల దగ్గరే కూలిపోయారు. వాచ్‌మన్ పైకి వచ్చి చెప్పేసరికే అంతా అయిపోయింది.

కాకినాడ నుంచి బాబాయి వచ్చి కర్మకాండ చేశాడు. మూడో రోజు శ్మశానానికి వెళ్ళి అస్థికలు ఏరి, పాలతో నీళ్ళతో కడిగి, మూత ఉన్న రాగి చెంబులో పెట్టి ఎర్రగుడ్డ కట్టి తెచ్చాడు. వెళ్ళేటప్పుడు తానే తీసుకెళ్ళి గోదావరిలో కలిపేస్తానన్నాడు. అమ్మ ఇవ్వలేదు. తన చేత్తోనే కలపాలంది. కర్మ చేయించిన తెలుగు పురోహితుడు, ఏడాది లోపు ఎప్పుడైనా కలపవచ్చని చెప్పి, "ఇంట్లోపలికి మాత్రం తేకండమ్మా, బయటే కట్టుకోండి" అన్నాడు. ఎందుకని మేం అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మాకు బయట అంటే బాల్కనీయే. బట్టలారేసే తాడు కట్టిన కొక్కేనికి బాబాయే చెంబును వేలాడదీసి రైలెక్కాడు. ఆ తరవాత నేను బట్టలు బాత్రూములో ఆరేసుకున్నాను.

డిసెంబరులో పొగమంచు దిగింది. ఎదురు బ్లాకు కనబడేది కాదు. బాల్కనీ తలుపు అద్దంలోంచి చూస్తే తెల్లటి మంచు, అందులో ఎర్రటి మూట, అంతే. ఒక రోజు పొద్దున లేచి చూస్తే కొక్కెం ఖాళీగా ఉంది. అమ్మ వంటింట్లో కాఫీ కలుపుతోంది.

"మీ నాన్నకి చలి పడదు కదే. లోపల పెట్టాను" అంది.

నాన్న బట్టల అలమారలో, స్వెట్టర్లుండే అరలో పెట్టింది. చెంబు చుట్టూ ఆయన మఫ్లరు చుట్టింది. పురోహితుడి మాట గుర్తుచేయబోయి అమ్మ ముఖం చూసి మానేశాను. ఎండలు రాగానే వెళ్ళి కలిపేస్తాం కదా అనుకున్నాను.

బాబాయి ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఎప్పుడు బయల్దేరుతున్నారని అడిగేవాడు. మంచుకు రైళ్ళన్నీ ఆలస్యమంటున్నారు, తగ్గనీ అనేది అమ్మ. మంచు తగ్గాక నా ఆఫీసులో పని ఎక్కువగా ఉందంది. అది నిజమే, కానీ నేను సెలవు దొరకదని ఎప్పుడూ అనలేదు.

పనామె ద్వారా విషయం పక్కింటి ఆంటీకి తెలిసింది. ఆవిడ పంజాబీ, నాన్న పోయిన రోజు మా వంటిల్లంతా తానే చూసుకున్న మనిషి. అప్పట్నుంచి మా గుమ్మం దాటి లోపలికి రావడం మానేసింది. ఓ సాయంత్రం నేను ఆఫీసు క్యాబ్ దిగి పైకి వస్తుంటే, మెట్ల మీద ఆపి నెమ్మదిగా అంది.

"బేటీ, ఘర్ మే మత్ రఖో. యే అకేలే నహీ జాతే."

ఇంట్లో ఉంచితే వాళ్ళు ఒంటరిగా వెళ్ళరట. నేను నవ్వి ఠీక్ హై ఆంటీ అన్నాను. తాళం తీశాక మాత్రం ముందు ఆ అలమారవైపే చూశాను.

ఆ చలికాలంలోనే ఒక చప్పుడు వినబడడం మొదలైంది. రోజూ పొద్దున స్నానం చేశాక అమ్మ ఆ అలమార తలుపు తీసేది. నా గది పక్కనే కాబట్టి మంచం మీద పడుకుని ఉన్న నాకు అన్నీ వినిపించేవి. తలుపు కిర్రుమనేది. కాసేపు ఏమీ ఉండేది కాదు. తరవాత లోపల ఎక్కడో చిన్నగా టక్‌మనేది. ఒక్కోసారి రెండుసార్లు. ఆపైన తలుపు మూసుకునేది. చెంబులో ఎముకలు కదులుతున్నాయనుకున్నాను. అమ్మ రోజూ దాన్ని చేతిలోకి తీసుకుంటోందేమో, ఆ కదలికకు లోపలివి సర్దుకుంటున్నాయేమో అనుకున్నాను. అడగడానికి భయం వేసింది. కొన్నాళ్ళకు ఆ చప్పుడు అయ్యేదాకా దుప్పట్లోంచి లేవలేని అలవాటైపోయింది.

అమ్మ చిక్కిపోతోంది. జాకెట్లు వదులైపోయి భుజాల మీంచి జారుతున్నాయి. ఎప్పుడు చూసినా చేతిలో నీళ్ళ గ్లాసు. చలికి ఆకలి వేయడం లేదని అనేది. భర్త పోయిన మనిషి చిక్కిపోక ఏం చేస్తుంది అని నేనూ సరిపెట్టుకున్నాను. పైగా ఇంటి పనుల్లో ఎన్నడూ లేని శ్రద్ధ చూపిస్తోంది. గ్యాస్ కనెక్షన్ నా పేరుకు మార్పించింది. డబ్బాలన్నిటికీ కాగితాలంటించి ఏ పప్పు ఎందులో ఉందో రాసింది. ఆవకాయ కొలతలు ఒక నోటుబుక్కులో తెలుగులో రాసి, నాకు చదవడం వచ్చో లేదోనని పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదివించింది. తన పట్టుచీరలు రెండు పనామెకు ఇచ్చేసింది. అమ్మ తేరుకుంటోందని, పనుల్లో పడిందని నేను సంతోషించాను. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

మార్చిలో హోలీ అయిపోయింది. ఫ్యాన్లు వేసుకుంటున్నాం. అమ్మ మాత్రం కాళ్ళకు మేజోళ్ళు విప్పలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె సోఫాలో కునుకు తీస్తుంటే, ఎడమ మేజోడు కొసన గోధుమరంగు మరక కనిపించింది. దగ్గరికి వెళితే వాసన వచ్చింది. అమ్మ లేచేలోగా లాగేశాను. బొటనవేలి పక్క వేలు కింద పుండు. దాని అంచులు నల్లగా ఉన్నాయి.

ఎప్పట్నుంచి అని అడిగితే, జనవరిలో బాత్రూములో గీసుకుంది, అదే తగ్గుతుందిలే అంది.

మా సెక్టారు మార్కెట్లో ఉన్న డాక్టరు దగ్గరికి ఆ సాయంత్రమే తీసుకెళ్ళాను. వేలు గుచ్చి రక్తం చూస్తే, మెషిన్ అంకె కూడా చూపించలేదు, చాలా ఎక్కువ అన్నట్టు HI అని రెండక్షరాలు వేసి ఊరుకుంది. అమ్మకు పదేళ్ళుగా షుగరూ బీపీ ఉన్నాయి, రెంటికీ బిళ్ళలున్నాయి. వేసుకుంటున్నారా అని డాక్టరడిగితే రోజూ వేసుకుంటున్నానని హిందీలో చెప్పింది. నేనూ సాక్ష్యం పలికాను. నెలనెలా నేనే తెస్తున్నాను, ఖాళీ అయిన పట్టీలు చెత్తబుట్టలో చూస్తున్నాను అన్నాను. ఆయన అమ్మను వదిలేసి నావైపు చూశాడు.

"ఖాలీ పత్తా దేఖా హై, యా ఖాతే హుయే దేఖా హై?"

ఖాళీ పట్టీ చూశావా, ఆవిడ మింగడం చూశావా? నేను చూడలేదు. నాలుగు నెలల్లో ఒక్క రోజు కూడా చూడలేదు.

కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాక అమ్మను పడుకోబెట్టి ఆ అలమార తెరిచాను. అన్నాళ్ళలో నేను దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. మఫ్లరు చుట్టిన చెంబును పక్కకు జరిపితే దాని వెనక ఇంకో చెంబు కనిపించింది. అదే కొలత, అదే మూత, కొత్త రాగి మెరుపు. దాని కింద ఎర్రగుడ్డ ముక్క చక్కగా మడిచి పెట్టి ఉంది. చేతిలోకి తీసుకుంటే లోపల గలగలమంది.

మూత తీసి మంచం మీద బోర్లించాను. బిళ్ళలు. తెల్లవి, వాటి మధ్య చిన్న గులాబిరంగువి. దుప్పటి మీద గుప్పెళ్ళకొద్దీ పడ్డాయి. నేను రోజూ మంచం మీంచి విన్నది వీటి చప్పుడే.

వెనక్కి తిరిగితే అమ్మ గుమ్మంలో మడమ మీద బరువు ఆన్చి నిలబడి ఉంది.

"అవెందుకు తీశావే?"

"ఈ చెంబెక్కడిది?"

"నోయిడా అట్టా మార్కెట్లో కొన్నాను. జత దొరకదేమో అనుకున్నాను, సరిగ్గా అలాంటిదే ఉంది వాడి దగ్గర."

"ఎందుకమ్మా?"

అమ్మ వచ్చి మంచం అంచున కూర్చుంది. బిళ్ళల్ని అరచేత్తో ఒక పక్కకు నెట్టింది.

"ఒక్కదానివి. రెండుసార్లు ఏం తిరుగుతావు అంత దూరం? ఇద్దర్నీ కలిపి ఒకేసారి తీసుకెళ్తే నీకు ఒక్క సెలవుతో అయిపోతుంది."

కరివేపాకు అయిపోయింది, వచ్చేటప్పుడు తే అన్నట్టు చెప్పింది. నేను ఏడవలేదు. కోపం వచ్చింది. బిళ్ళలన్నీ ఏరి మళ్ళీ ఆ చెంబులోనే ఎందుకు పోశానో నాకే తెలియదు. కాసేపటికి, చెత్తబుట్టలో వేస్తే పనామె చూసి నాతో చెబుతుందని అలా దాచానని అమ్మే చెప్పింది.

మర్నాటి నుంచి సెలవు పెట్టాను. పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ ఇవ్వడం నేర్చుకున్నాను. అమ్మ చెయ్యి చాచేది, వద్దనేది కాదు. నేను పక్కనున్న అలమారకు వీపు పెట్టి కూర్చునేదాన్ని. ఆంటీ మెట్ల మీద అన్న మాటను నేను నమ్మేదాన్ని కాదు. నమ్మకపోయినా, ఆ చెంబు ఇంట్లో ఉన్నంతకాలం అమ్మ దాని పక్కన తన చోటు చూసుకుంటూనే ఉంటుందని మాత్రం అర్థమైంది.

ఆ కాలితో ముప్ఫై గంటల రైలు ప్రయాణం కుదరదు. మా ఆఫీసు క్యాబ్ నడిపే ఆయన తన తండ్రి అస్థికలు గఢ్ దగ్గర బ్రిజ్‌ఘాట్‌లో గంగలో కలిపానని ఎప్పుడో చెప్పాడు. మా ఇంటికి రెండు గంటల దూరం. పురోహితుడికి ఫోన్ చేస్తే గంగ కన్నా కావలసిందేముందమ్మా అన్నాడు. పుండు ఆరడం మొదలయ్యాక, ఏప్రిల్లో ఓ రోజు అమ్మతో మర్నాడు వెళ్తున్నామని చెప్పాను.

"గోదారి అన్నాను కదే."

"గంగకి వెళ్తున్నాం."

అమ్మ వాదిస్తుందనుకున్నాను. వాదించలేదు. అరగంట పోయాక, ఏ చీర కట్టుకోను అని అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే టాక్సీలో బయల్దేరాం. దారంతా చెరకు ట్రాక్టర్లు. చెంబు అమ్మ ఒళ్ళో ఉంది, మఫ్లరు విప్పనివ్వలేదు. ఘాట్ దగ్గర పడవవాడు ఎంతమంది అని అడిగాడు.

"తీన్" అంది అమ్మ.

ముగ్గురనేసరికి వాడు మా వెనక చూశాడు, మూడో మనిషి కోసం. అమ్మ చేతుల్లోని మూట కనబడ్డాక తెడ్డు అందుకున్నాడు.

కట్టుకు నీళ్ళు తగలకూడదని డాక్టరు చెప్పాడన్న సాకుతో అమ్మ పాదానికి ప్లాస్టిక్ సంచి తొడిగి, కూర్చున్నాక ఆమె కొంగు చివరను నా దుపట్టాకు ముడేశాను. కొంగు సర్దుతున్నట్టు నటించాను. అమ్మ ఆ ముడివైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది.

నది మధ్యకు వెళ్ళాక వాడు తెడ్డు ఆపాడు. అక్కడ నీళ్ళు పచ్చగా, అడుగు కనబడకుండా ఉన్నాయి. అమ్మ మఫ్లరు విప్పి, ఎర్రగుడ్డ విప్పి, నన్ను ముట్టుకోనివ్వకుండా తానే చెంబు వంచింది. వంచుతూ తానూ వంగింది. పడవ ఒక పక్కకు ఒరిగి, నీళ్ళు అంచుదాకా వచ్చాయి. తెల్లటివి వెంటనే మునిగిపోయాయి. బూడిద మాత్రం మునగకుండా కాసేపు మా పక్కనే పరుచుకుని కదిలింది. చెంబు ఖాళీ అయింది. అమ్మ ఇంకా వంగే ఉంది. ముఖం నీళ్ళకు జానెడు దూరంలో ఉంది.

నేను రెండు చేతులతో ఆమె మోచెయ్యి పట్టుకున్నాను.

"మాతాజీ, పీఛే" అన్నాడు పడవవాడు, వెనక్కి జరగమని.

"చెయ్యి వదులు. నొప్పిగా ఉంది" అంది అమ్మ, నీళ్ళవైపే చూస్తూ.

"వదలను."

వాడు తెడ్డుతో పడవను నిలబెట్టే ప్రయత్నం చేస్తున్నాడు. నా వేళ్ళు ఆమె చర్మంలోకి దిగడం నాకు తెలుస్తోంది.

"వదలవన్నమాట" అంది చివరికి. వెనక్కి జరిగి సరిగ్గా కూర్చుంది. "సరే. ఈసారికి వచ్చేస్తాను."

తిరుగు దారిలో ధాబా దగ్గర ఆగాం. అమ్మ రెండు రొట్టెలు తిన్నది. తరవాత కారులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఆమె చేతి మీద నా వేళ్ళ గుర్తులు నాలుగు రోజులు నీలంగా ఉన్నాయి.

ఇంటికొచ్చి చూస్తే అలమారలో రెండో చెంబు లేదు. ఏమైందని అడిగితే పనామెకు ఇచ్చేశానంది. పనామెను నేను అడగలేదు. ఒకటి రెండు సార్లు, అమ్మ పార్కుకు వెళ్ళినప్పుడు, అటకంతా వెతికాను. దొరకలేదు.

జూన్‌లో పాదం పూర్తిగా మానింది, ఒక వేలు మాత్రం తీసేయాల్సి వచ్చింది. అమ్మ ఆ తరవాత ఆరేళ్ళు బతికింది. బాగానే ఉండేది. పనామెతో పోట్లాడేది, పక్కింటి ఆంటీ మళ్ళీ లోపలికి వచ్చి టీ తాగేది, ఇద్దరూ కలిసి నా పెళ్ళి గురించి హిందీలో బాధపడేవాళ్ళు. పొద్దున బిళ్ళలు మాత్రం నా ఎదుటే వేసుకోవాలి. మింగాక నేను అడక్కముందే నాలుక చాచి చూపించేది. చాలా రోజులు నవ్వుతూ చూపించేది. కొన్ని రోజులు నవ్వేది కాదు.

నవ్వని రోజున నాకు ఆఫీసులో పని సాగేది కాదు. పదకొండింటికి కారిడార్లోకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేసేదాన్ని. ఐదో రింగుకో ఆరో రింగుకో ఎత్తేది. హలో అనేది కాదు. చేసింది నేనేనని ఆమెకు తెలుసు.

"ఉన్నానే" అనేది.