గునుగు మడి

మా మనుమరాలు చదివే విశ్వవిద్యాలయంలో డిగ్రీ తరగతులు లేవు. ఎమ్మెస్సీ దాటినవారు ప్రకృతి శాస్త్రాలలో పరిశోధన చేయడానికే అది ఉంది. ఈ సంగతి బంధువులకు ఎన్నిసార్లు వివరించానో! పత్తిచేలలో కలుపులా తనంతట తాను మొలిచే గునుగు మొక్క మీద ఆమె పరిశోధన అని చెబితే మాత్రం వివరించే అవకాశమే ఇచ్చేవారు కాదు. "గునుగుకు గూడ పీహెచ్‌డీనా?" అని నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది.

ఒకే విత్తనం మూడు నేలల్లో ఎలా పెరుగుతుందో చూడాలని ఆమె మరిపెడలో ఒక మడి, టేకుమట్లలో ఒకటి, రఘునాథపల్లి దగ్గర మా పత్తిచేను మూలన ఒకటి వేసింది. వాటిలో ఏది పోయినా పోలిక చెడి, ఏడాది శ్రమ వృథా అవుతుంది. మా మడి బాధ్యత నేను తీసుకున్నాను. వారం వారం మొక్కల ఎత్తు కొలిచి రాసిపెట్టాను. గునుగును కూడా కలుపనుకొని ఎవరైనా పీకేస్తారేమోనని, "ఇచ్చట కలుపు తీయరాదు" అని బోర్డు రాయించి పాతించాను.

ఒక ఉదయం పక్క చేను రైతు జనగామలో ఉన్న నాకు ఫోన్ చేశాడు. "సారు, మీ చేన్ల కలుపు అయిపోయింది. గా మూల మడి గూడ సాఫ్ చేసిన్రు."

మనుమరాలు ఆ రోజే భూపాలపల్లి నుంచి వస్తున్నది. ఆమెకు ఏమని చెప్పాలి? ఆటోలో దారి పొడవునా కూలీలను అడగవలసిన ప్రశ్నలు వరుసగా కూర్చుకున్నాను. గట్టు ఎక్కగానే పీకిన గడ్డి కుప్ప కనిపించింది. ఆ తరువాత నా కళ్లకు మరేమీ ఆనలేదు.

"బోర్డు కనబడలేదా మీకు?" అని అరిచాను.

కూలీల పెద్ద నడుము నిలబెట్టింది. "కనబడ్డది సారు. సద్ది మూటలు దానికే ఏలాడగట్టినం."

"గునుగంతా పీకి పారేశారు గదా!"

"గునుగు ఎవలన్న పీకుతరా? రేపు బతుకమ్మకు పూలేడికెల్లి తేవాలె? జర కండ్లద్దాలు తుడుసుకొని సూడుండ్రి."

మిగిలిన ఆడవాళ్లు పగలబడి నవ్వారు. తుడుచుకొని చూశాను. నున్నగా తేరిన నేల మీద గునుగు మొక్కలన్నీ నాటిన వరుసల్లోనే నిలబడి ఉన్నాయి. గట్టు మీదే కూర్చున్నాను.

మధ్యాహ్నం మనుమరాలు వచ్చి మడి చుట్టూ తిరిగింది. "మంచిగైంది తాతా. మరిపెడల, టేకుమట్లల ఈ గడ్డంత నేనే కూసోని పీకిన. ఇక్కడ ఇయ్యాల పీకుదామనుకున్న."

"మరి పూలు మాయే గద బిడ్డా?" అన్నది కూలీల పెద్ద.

మనుమరాలికి విత్తనం కావాలి, వాళ్లకు పూలు కావాలి. ఎర్ర దారం కట్టిన మొక్కలను ముట్టరాదని, మిగిలినవి వాళ్లవేనని మాట కుదిరింది.

పండుగ మరునాడు మడికి వెళ్లాను. చుట్టూ మొక్కలన్నీ బోడిగా ఉన్నాయి. దారం కట్టినవి మాత్రం ఒక్క కంకీ పోకుండా గాలికి ఊగుతున్నాయి. బోర్డు చదవనందుకు నా కోపం ఇంకా పోలేదు. అయినా దాన్ని పెరికించలేదు, సద్ది మూటలకు పనికివస్తున్నది.